ఆడగుర్రం గర్భసంచిలో సిస్టులు: ఏవి వదిలేయాలి, ఏవి తీయించాలి

"మేడం, స్కానింగ్‌లో సిస్ట్ ఉందన్నారు. లేజర్ ఎక్కడ చేస్తారు?" చేవెళ్ల, మొయినాబాద్, శంషాబాద్ వైపు తోటల్లో మార్వారీ గుర్రాలు పెంచుకునేవాళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. లేజర్ సంగతి పక్కన పెట్టి నేనే ఎదురు ప్రశ్నలు వేస్తాను. గుర్రం వయసెంత? ఇప్పటికి ఎన్ని ఈతలు? సిస్టు ఒకటేనా, గుత్తిగా ఉన్నాయా? గర్భసంచిలో ఏ పక్క? ఎన్ని మిల్లీమీటర్లు? దాటించకముందు (మగగుర్రంతో కలపకముందు) చూశారా, దాటించాక చూశారా? మొదటి రెండింటికీ టకటకా జవాబొస్తుంది. మిగతావాటికి "అవన్నీ రాసుకోలేదు మేడం" అంటారు.

రాసుకోకపోతే వైద్యం మొదలుపెట్టకండి. నేను పుణె దగ్గర రేసుగుర్రాల స్టడ్‌ఫామ్‌లలో పని నేర్చుకున్నాను. అక్కడ ప్రతి ఆడగుర్రానికీ ఒక ఫైలు, ఆ ఫైల్లో గర్భసంచి బొమ్మ, ఆ బొమ్మ మీద సిస్టుల గుర్తులు ఉండేవి. ఆ బొమ్మ చేతిలో ఉంటే సగం గుర్రాలకు ఏ వైద్యమూ అక్కర్లేదని తేలిపోతుంది. అది లేకుండా లేజర్ దాకా వెళితే డబ్బు పోతుంది, సీజన్ పోతుంది, ఒక్కోసారి కడుపులో ఉన్న పిల్ల కూడా పోతుంది.

ముందు ఈ సిస్ట్ ఏదో తెలుసుకోండి

మన దగ్గర పాడి ఉన్న ఇంట్లో సిస్ట్ అనగానే ఆవులకు, గేదెలకు అండాశయంలో వచ్చేది గుర్తొస్తుంది. దానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు, తగ్గుతుంది. ఇంకొందరికి ఇంట్లో ఆడపిల్లల పీసీఓడీ గుర్తొస్తుంది. గుర్రంలో మనం మాట్లాడుకునేది ఈ రెండూ కాదు. ఆవుల్లో లాంటి అండాశయ సిస్టుల జబ్బు గుర్రాల్లో ఉండదు. ఎద సమయంలో గుర్రం అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల నల్లటి గుండ్రం కనిపిస్తే అది విడుదలకు సిద్ధమవుతున్న అండపు బుడగ, అంటే మంచి శకునం. మనం చూస్తున్న సిస్టులు గర్భసంచి లోపలి పొరలో పుట్టే నీటి తిత్తులు. వాటిని ఏ హార్మోనూ కరిగించదు, ఏ కషాయమూ కరిగించదు.

వీటిలో రెండు రకాలు. గర్భసంచి లోపలి గ్రంథుల చుట్టూ నారకట్టి, వాటి నోరు మూసుకుపోయి, లోపల స్రావం నిలిచి ఉబ్బేవి ఒక రకం. ఇవి చిన్నవి, సాధారణంగా సెంటీమీటరు దాటవు. రెండో రకం లింఫ్ నాళాలు అడ్డుపడి ఆ నీరు నిలవడం వల్ల వచ్చేవి. పెద్దవయ్యేవి ఇవే. నాలుగైదు సెంటీమీటర్లకు, అంతకుమించి కూడా పెరుగుతాయి. పలచటి గోడ, లోపల తేటనీరు, ఒక్కోసారి మధ్యలో అడ్డగోడలు. కొన్ని వెడల్పుగా పొరకు అంటుకుని ఉంటాయి, కొన్ని సన్నటి కాడ మీద వేలాడతాయి. తీసే పద్ధతి ఈ కాడ ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది కాబట్టి దాన్ని కూడా బొమ్మలో రాయమనండి.

ఎక్కువగా కనిపించే చోటు గర్భసంచి రెండు కొమ్ములుగా చీలే మొదలు దగ్గర. ఎక్కువగా కనిపించే వయసు పదేళ్లు దాటాక. పదకొండేళ్లు దాటిన గుర్రాల్లో చిన్నవాటి కన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా ఉంటాయని 1990లలో అమెరికాలో చేసిన ఒక పరిశీలనలో తేలింది. ముసలి గుర్రానికి చూలు నిలవకపోవడానికి వేరే కారణాలు ఎన్నో ఉంటాయి. సిస్టు కూడా ఆ వయసులోనే వస్తుంది కాబట్టి నేరం దాని మీద పడిపోతుంది. వయసును లెక్కలోకి తీసుకుని చూస్తే చిన్నాచితకా సిస్టుల ప్రభావం పెద్దగా కనపడదు.

మరి ఏవి నష్టం చేస్తాయి?

గుర్రం చూలులో ఒక విచిత్రం ఉంది. అది అర్థమైతే ఈ ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది. అండం విడుదలైన రోజును సున్నా అనుకోండి. పిండం ఐదున్నర, ఆరు రోజులకు గర్భసంచిలోకి దిగుతుంది. దిగి ఒకచోట కూర్చోదు. పదహారో రోజు వరకు ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ముకు, మధ్యలో సంచిలోకి రోజుకు ఎన్నోసార్లు తిరుగుతూనే ఉంటుంది. అలా తిరిగితేనే "నేను ఉన్నాను" అన్న కబురు గర్భసంచి మొత్తానికి చేరుతుంది. కబురు చేరని చోటు నుంచి పద్నాలుగో రోజు ప్రాంతంలో ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ విడుదలై, చూలును నిలబెట్టే హార్మోన్ ఆగిపోతుంది, గుర్రం మళ్లీ ఎదకొస్తుంది. పిండాన్ని కదలనివ్వకుండా ఒకే కొమ్ములో ఆపి చూసిన ప్రయోగాల్లో చూలు నిలవలేదు.

కాబట్టి కొమ్ము మొదట్లో అడ్డంగా నాలుగు సెంటీమీటర్ల తిత్తి ఉంటే దారి మూసుకుపోయినట్టే. పదహారు పదిహేడు రోజులకు పిండం స్థిరపడేది కూడా సాధారణంగా ఆ కొమ్ము మొదట్లోనే. అక్కడ సిస్టుల గుత్తి ఉంటే పిండం దాని మీద కూర్చుంటుంది, పోషణ సరిగా అందక నలభై రోజుల లోపే కరిగిపోవచ్చు. కొమ్ము చివర ఒక మూల ఆరు మిల్లీమీటర్ల తిత్తి ఉంటే మాత్రం ఏమీ కాదు. అలాంటి వాటిని కడుపులో పెట్టుకుని ఏటా ఈనే గుర్రాలు ఎన్నో.

నేను తీయించమని చెప్పేవి ఇవి: రెండున్నర, మూడు సెంటీమీటర్లు దాటినవి, దారికి అడ్డం పడేవి, చిన్నవైనా ఒకేచోట గుత్తిగా చాలా ఉన్నవి. వీటితోపాటు ఆ గుర్రానికి మంచి మగగుర్రంతో, సరైన సమయంలో దాటించినా చూలు నిలవని చరిత్ర ఉండాలి. చరిత్ర లేకపోతే ఒక సీజన్ ఆగి చూడటమే మేలు.

బొమ్మ గీయించడం

ఇది సీజన్ మొదలవకముందు చేయించాలి. గుర్రం ఖాళీగా ఉందని ఖాయంగా తెలిసిన రోజు అయితే మంచిది. స్కానింగ్ మలద్వారం గుండా చేస్తారు. ముందు లద్దె పూర్తిగా తీసేయాలి, గుర్రాన్ని ట్రెవిస్‌లో (కదలకుండా ఆపే చట్రంలో) నిలబెట్టాలి, అలవాటైన సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, తల దగ్గర ఉండాలి. గుర్రం పేగు గోడ ఆవుకున్నంత గట్టిది కాదు, చినిగితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆవుల్లో చెయ్యి తిరిగిన డాక్టరైనా గుర్రాల్లో అనుభవం లేకపోతే "నేను చేయను" అంటే కోప్పడకండి, ఆయన మంచి పనే చేస్తున్నట్టు.

డాక్టరు ఒక కొమ్ము చివర నుంచి మొదలుపెట్టి, వెనక్కి వస్తూ, సంచి మొత్తం చూసి, రెండో కొమ్ము చివరికి వెళతారు. మీరు పక్కన కాగితం పట్టుకుని నిలబడండి. అంగ్రేజీ వై అక్షరం తలకిందులు కాకుండా గీయండి. రెండు చేతులు రెండు కొమ్ములు, కింది గీత గర్భసంచి మధ్య భాగం. ఏ చెయ్యి ఎడమో ముందే రాసిపెట్టండి, లేదంటే వచ్చే ఏడాదికి తారుమారవుతుంది. డాక్టరు చెప్పే ఒక్కో సిస్టుకీ ఒక చుక్క పెట్టి, పక్కన పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో, అడ్డగోడలు ఉన్నాయా, కాడ ఉందా రాయండి. తెరను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, తేదీ కనిపించేలా. అంతే, పది నిమిషాల పని. దీనికి మించిన ఖరీదైన పరీక్ష ఏదీ ఇంత ఉపయోగపడదు.

ఎందుకంటే పద్నాలుగో రోజు పిండం కూడా తెర మీద నల్లటి గుండ్రమే. పదిహేను నుంచి ఇరవై మిల్లీమీటర్లు ఉంటుంది. సిస్టు కూడా నల్లటి గుండ్రమే, అదే సైజులో ఉండొచ్చు.

చేవెళ్ల దగ్గర ఒక తోటలో జరిగింది చెబుతాను. పదహారేళ్ల మార్వారీ గుర్రం, ముదురు గోధుమ రంగు, ఆ ఇంటికి పేరు తెచ్చిన రక్తం. దాటించిన తర్వాత పద్నాలుగో రోజు స్కానింగ్. తెర మీద రెండు గుండ్రాలు, ఒకటి పద్దెనిమిది మిల్లీమీటర్లు, రెండోది ఇరవై. గుర్రానికి కవలలు కలిసిరావు. చాలావరకు రెండూ పోతాయి, ఏడెనిమిది నెలలప్పుడు పోతే తల్లికీ ప్రమాదమే. అందుకే పదహారు రోజుల లోపల ఒకదాన్ని చేత్తో నొక్కి పగలగొట్టేస్తారు. యజమానికి ఈ సంగతి ఎవరో చెప్పారు.

"రెండున్నయంటే ఒకటి తీసెయ్యాలంట గద మేడం. ఇప్పుడే తీసెయ్యండి, మళ్లీ మిమ్మల్ని పిలవడం ఎందుకు?"

"ఆగండన్నా. పోయిన డిసెంబర్ కాగితం తెమ్మనండి."

సైసు గదిలో మేకుకు గుచ్చి ఉన్న కాగితం తెచ్చారు. కుడి కొమ్ము మొదట్లో ఒక చుక్క, పక్కన "19, కాడ లేదు" అని ఉంది. తెర మీద ఇరవై మిల్లీమీటర్లది సరిగ్గా అక్కడే ఉంది. దగ్గరగా చూస్తే దాని అంచు ఒకపక్క కాస్త నొక్కుకుపోయి, లోపల వెంట్రుకంత సన్నటి తెల్ల గీత అడ్డంగా ఉంది. పద్దెనిమిది మిల్లీమీటర్లది నున్నగా, బంతిలా గుండ్రంగా, పైన ఒకటి కింద ఒకటి పొట్టి తెల్లగీతలతో మెరుస్తోంది. ఆ రెండు గీతలు ఆ వయసు పిండానికి గుర్తు. అయినా నమ్మకానికి గుర్రాన్ని ట్రెవిస్ నుంచి విప్పించి, అరగంట నడిపించి, మళ్లీ చూశాను. కుడిపక్కది కదల్లేదు. ఎడమ కొమ్ములో ఉన్న పద్దెనిమిది మిల్లీమీటర్లది మధ్య సంచిలోకి వచ్చేసింది. ఆ కాగితం లేకుండా, తొందరపడి చేతికి అందినదాన్ని నొక్కేసి ఉంటే ఏది పోయేదో మీరే ఊహించుకోండి.

కాగితం లేనివాళ్లు ఏం చేయాలి? అరగంట ఆగి చూడండి, లేదా మర్నాడు చూడండి. పదహారో రోజు లోపు పిండం చోటు మారుతుంది, రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. సిస్టు అదే చోట అంతే ఉంటుంది. పదిహేడు దాటాక పిండం కదలదు, కొన్నాళ్లు పెరుగుదల కూడా నెమ్మదిస్తుంది కాబట్టి ఆ రోజుల్లో పోల్చడం కష్టం. అప్పుడు ఇరవై ఐదో రోజు దాకా ఓపిక పట్టండి. గుండె కొట్టుకోవడం తెర మీద మిణుకుమంటుంది, ఇక అనుమానం ఉండదు. సిస్టును చూసి "చూలు కట్టింది" అని ఊరంతా స్వీట్లు పంచిన ఇళ్లు, కట్టిన చూలును సిస్టు అనుకుని ప్రోస్టాగ్లాండిన్ సూది వేయించిన ఇళ్లు, రెండూ ఉన్నాయి.

లేజర్‌కు ముందు రెండు పరీక్షలు

సిస్టు పెద్దదే, చోటు చెడ్డదే, చరిత్రా ఉంది అనుకుందాం. అప్పుడు కూడా నేరుగా తీయించకండి. మొదటిది ఎద తొలి రోజుల్లో గర్భసంచి నుంచి తొడుగు ఉన్న స్వాబ్‌తో (దూది చుట్టిన పుల్లతో) శాంపిల్ తీసి, క్రిములు పెరుగుతున్నాయా, చీము కణాలు ఉన్నాయా చూడటం. ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దాన్ని తగ్గించాలి. ఇన్ఫెక్షన్ ఉన్న సంచిలోకి ఎండోస్కోప్ (కెమెరా ఉన్న గొట్టం) దూర్చడం తెలివైన పని కాదు.

రెండోది బయాప్సీ. నాకు ఇది చాలా ముఖ్యం. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి, పాథాలజిస్టుకు పంపుతారు. గుర్రానికి నొప్పి దాదాపు ఉండదు, యజమానికే టెన్షన్. ఫలితం కెన్నీ, డోయిగ్ అనే ఇద్దరి పేర్ల మీద ఉన్న తరగతుల్లో వస్తుంది. ఒకటో తరగతి అయితే చూలు నిలిచి పిల్ల పుట్టే అవకాశం నూటికి 80 నుంచి 90. రెండు ఏ అయితే 50 నుంచి 80. రెండు బీ అయితే 10 నుంచి 50. మూడో తరగతి అయితే 10 లోపే. సిస్టు అనేది చాలాసార్లు లోపలి పొరంతా నారకట్టిపోయిందన్న దానికి పైకి కనిపించే గుర్తు. మూడో తరగతి వచ్చిన గుర్రానికి ఎంత నైపుణ్యంతో సిస్టులు తీసినా మిగతా పొర అలాగే ఉంటుంది. లేజర్ కోసం గుర్రాన్ని లారీలో వేరే రాష్ట్రానికి పంపే ముందు ఈ ఒక్క కాగితం చూసుకోండి. చాలా లారీలు ఆగిపోతాయి.

తీసే పద్ధతులు

సూదితో పొడిచి నీరు లాగేయడం, బయాప్సీ పట్టకారుతో గోడ చించడం పాత పద్ధతులు. సులువు, చవక, సామాన్లు ఎక్కువ అక్కర్లేదు. కాని గోడ మిగిలిపోతుంది కాబట్టి చాలాసార్లు మళ్లీ నిండుతుంది. ఈ సీజన్‌లో ఒక్క ఎద దాటించుకోవడానికి సమయం కావాలంటే పనికొస్తుంది. కాడ ఉన్న తిత్తులకు తీగ ఉచ్చు వేసి, కరెంటు వేడితో కాడ కోసి తీసేయడం మంచి పద్ధతి. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచి ముఖద్వారం వదులుగా ఉంటుంది కాబట్టి కొన్నిటిని చేత్తోనే అందుకుని మెలితిప్పి తీసేయగలరు.

వెడల్పుగా అంటుకుని ఉన్న పెద్ద తిత్తులకు మాత్రం ఇప్పుడు లేజరే సరైనది. దాని గురించే అందరూ అడుగుతారు కాబట్టి వివరంగా చెబుతాను.

గుర్రం చూలుతో లేదని ఆ రోజే ఇంకోసారి స్కానింగ్‌తో ఖాయం చేసుకోవాలి. ఎదలో లేని రోజులు ఎంచుకుంటారు, ఎందుకంటే ముఖద్వారం బిగుతుగా ఉంటేనే లోపల నింపిన ద్రవం బయటికి కారిపోకుండా నిలుస్తుంది. గుర్రాన్ని పడుకోబెట్టరు. నిలబడే ఉంటుంది, మత్తు సూది ఇస్తారు. తోకకు కట్టు కట్టి పక్కకు లాగి కడతారు, వెనుక భాగాన్ని సబ్బునీళ్లతో పదేపదే, దూదితో తుడిస్తే మురికి రాని దాకా కడుగుతారు.

ఎండోస్కోప్ గురించి మీరు నోరు తెరిచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మన దేశంలో గుర్రాల ఆస్పత్రుల్లో ఉండే మీటరున్నర స్కోప్ ఎక్కువగా రేసుగుర్రాల ముక్కులో, శ్వాసనాళంలో వాడేది. నిన్న ముక్కులోకి వెళ్లిన గొట్టం ఈరోజు గర్భసంచిలోకి వెళుతుంటే మధ్యలో దాన్ని ఏ మందులో ఎంతసేపు నానబెట్టారు? గ్లుటరాల్డిహైడ్‌లో నానబెట్టి, తర్వాత స్టెరైల్ నీళ్లతో బాగా కడిగి తీరాలి. పైపైన తుడిస్తే లోపలి కాలువలో క్రిములు మిగులుతాయి. సరిగా కడగకపోతే ఆ మందే గర్భసంచిని కాలుస్తుంది. ఇలా అడిగితే డాక్టర్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, మంచి డాక్టరైతే సంతోషిస్తారు.

స్కోప్ లోపలికి వెళ్లాక స్టెరైల్ సెలైన్‌తో గర్భసంచిని ఉబ్బిస్తారు. అప్పుడు తెర మీద లేత గులాబీ రంగు పొర, దాని మీద నీరు నిండిన పలచటి తిత్తులు స్పష్టంగా కనిపిస్తాయి. మీ కాగితం ఇక్కడ మళ్లీ అవసరం. ఒక్కో తిత్తినీ దాంతో సరిచూసుకుంటూ వెళ్లాలి. స్కోప్ కాలువ గుండా లేజర్ తీగ పంపి తిత్తిని పొడుస్తారు, నీరు బయటికి వస్తుంది, గోడ సంచిలా ముడుచుకుపోతుంది. ఆ ముడుచుకున్న గోడను కాలుస్తారు. డయోడ్ లేజర్ అయినా, ఎన్‌డీ యాగ్ లేజర్ అయినా పని ఇంతే. కాల్చాల్సింది తిత్తి గోడను మాత్రమే. చుట్టూ ఉన్న మంచి పొరను ఎక్కువ కాలిస్తే అది మాని, ఎదురుగోడతో అతుక్కుపోతుంది. అలా అతుక్కుపోయిన కొమ్ము పిండానికి సిస్టు కన్నా పెద్ద అడ్డంకి. అందుకే గుత్తులు ఎక్కువగా ఉన్న గుర్రంలో పెద్దవి మాత్రం తీసి, చిన్నవి వదిలేసే డాక్టరును నేను ఎక్కువ నమ్ముతాను. "అన్నీ క్లీన్ చేసేశాం" అన్న మాట నాకు భయం కలిగిస్తుంది. లేజర్ వెలిగే గదిలో సైసుతో సహా అందరికీ రక్షణ కళ్లద్దాలు ఉండాలి.

తర్వాతి రోజులు

పని అయిన వెంటనే, మర్నాడు కూడా స్టెరైల్ సెలైన్‌తో గర్భసంచి కడుగుతారు. బయటికి వచ్చే ద్రవం తేటగా అయ్యేదాకా కడగాలి. కాలిన ముక్కలు లోపల ఉండిపోతే అవే ఇన్ఫెక్షన్‌కు మేత. సంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్, వాపుకు, నొప్పికి ఫ్లూనిక్సిన్, అవసరాన్ని బట్టి యాంటీబయాటిక్ ఇస్తారు. చాలాసార్లు ప్రోస్టాగ్లాండిన్ సూది వేసి గుర్రాన్ని ఎదకు తెస్తారు, ఎదలో ముఖద్వారం తెరుచుకుని మిగిలిన మురికి బయటికి పోతుంది. ఈ సూది వేశాక గుర్రానికి చెమటలు పట్టి, కాసేపు కడుపునొప్పి వచ్చినట్టు కాలితో తవ్వుతుంది. అరగంటా గంటలో తగ్గిపోతుంది, గాబరా పడకండి. కాని ఆ మందును గర్భంతో ఉన్న స్త్రీలు, ఆస్తమా ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. సీసా పగిలి చర్మం మీద పడినా ప్రమాదమే.

ఆ ఎదలో దాటించకండి. అది శుభ్రపడే ఎద. గుర్రం ఎద చక్రం ఇరవై ఒకటి, ఇరవై రెండు రోజులు కాబట్టి, మూడు నాలుగు వారాలకు స్కానింగ్ చేయించి, పొర మానిందా, నీరు నిలిచిందా చూసి, ఆపై ఎదకు దాటించండి. వీలైతే ఈ పనంతా సీజన్ ముందే, నవంబర్, డిసెంబర్‌లలో ముగించుకోండి. రేసుగుర్రాల వాళ్లకు జనవరి ఒకటితో వయసు లెక్క మొదలవుతుంది కాబట్టి వాళ్లకు ఒక్కో ఎదా విలువైనదే. మార్వారీ పెంపకందారులకు ఆ తొందర లేదు, ఆ వెసులుబాటును వాడుకోండి.

దాటించిన తర్వాత కూడా ముసలి గుర్రం మీద ఒక కన్ను వేయాలి. మగగుర్రం వీర్యం పడగానే ప్రతి ఆడగుర్రానికీ గర్భసంచిలో కాస్త వాపు వస్తుంది. వయసులో ఉన్నవి దాన్ని ఒకటి రెండు రోజుల్లో బయటికి నెట్టేస్తాయి. ముసలివి నెట్టలేవు, నీరు నిలుస్తుంది. మర్నాడు స్కానింగ్‌లో నీరు కనిపిస్తే సెలైన్‌తో కడిగి, ఆక్సిటోసిన్ ఇవ్వాలి. "ఇప్పుడే దాటించాం కదా, కడిగితే చూలు పోదా?" అని అడుగుతారు. పోదు. పిండం గర్భసంచిలోకి దిగేది ఆరో రోజుకు, అప్పటిదాకా అది అండవాహికలో భద్రంగా ఉంటుంది. దాటించిన నాలుగైదు గంటల తర్వాత కడిగితే వీర్యకణాలు కూడా అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటాయి. నా అనుభవంలో సిస్టుల మీద నింద పడ్డ చాలా గుర్రాలకు అసలు రోగం ఈ నిలవ నీరే.

చూలు ఖాయమయ్యాక కొందరు డాక్టర్లు ఆల్ట్రెనోజెస్ట్ అనే, చూలును నిలబెట్టే హార్మోన్‌లాంటి మందు రోజూ నోట్లో పోయమంటారు. మంచిదే, కొన్నిటికి అవసరం కూడా. కాని అది సిస్టుకు మందు కాదు. నూనెలాంటి ఆ ద్రవం చేతి చర్మం గుండా ఒంట్లోకి వెళుతుంది, ఆడవాళ్ల నెలసరిని తారుమారు చేస్తుంది. పోసేది ఎవరైనా గ్లౌజులు వేసుకోవాలి, సైసు ఇంటి ఆడవాళ్లతో పోయించేవాళ్లు ముఖ్యంగా ఈ మాట గుర్తుంచుకోండి.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. గాఢమైన అయోడిన్‌ను, డెట్టాల్‌ను గర్భసంచిలోకి ఎక్కించడం ఇంకా అక్కడక్కడా నడుస్తోంది. అది సిస్టును కరిగించదు, పొరను కాల్చి అతుకులు తెస్తుంది. గేదె సిస్టుకు వాడే హార్మోన్ సూదులు దండగ. "గర్భసంచి గట్టిపడాలి" అని బెల్లం, నెయ్యి, మూలికలు కలిపి పెట్టే ముద్దలు గుర్రాన్ని లావు చేస్తాయి, అంతకుమించి ఏమీ చేయవు. లావెక్కిన గుర్రానికి కాలి గిట్టల జబ్బు వస్తే చూలు సంగతి ఎవరికీ గుర్తుండదు.

తీసిన సిస్టులు మళ్లీ రావా అంటే, వస్తాయి. లింఫ్ నాళాలు అడ్డుపడటానికి కారణమైన పొర మారలేదు కదా. అందుకే ఏటా సీజన్ ముందు కొత్త బొమ్మ గీయించి పాతదాని పక్కన పెట్టి చూడాలి. లేజర్ తర్వాత వచ్చే మొదటి రెండు సీజన్లే మీకు దొరికిన అవకాశం అనుకుని మగగుర్రాన్ని ఎంచుకోండి, పరీక్ష చేయించని మగగుర్రం కోసం ఆ ఎదలు పాడుచేసుకోకండి.

బయాప్సీలో మూడో తరగతి వచ్చిన గుర్రాల యజమానులు చివరికి అడిగేది పిండమార్పిడి గురించే. మార్వారీలో అది సాధ్యమే. జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం బీకానేర్ శాఖ వాళ్లు 2023 మేలో పిండమార్పిడితో మార్వారీ పిల్లను పుట్టించారు, దానికి రాజ్ ప్రథమ్ అని పేరు పెట్టారు. పద్ధతి ఏమిటంటే, మీ గుర్రాన్ని దాటించి, అండం విడుదలైన ఏడెనిమిది రోజులకు గర్భసంచి కడిగి పిండాన్ని బయటికి తీసి, అదే రోజుల్లో ఎదకొచ్చిన వయసులో ఉన్న ఇంకో గుర్రంలో పెడతారు. రేసుగుర్రాల వాళ్లకు మాత్రం ఈ దారి లేదు, థరోబ్రెడ్ రిజిస్ట్రేషన్ నేరుగా దాటించి, ఆ తల్లే మోసి కన్న పిల్లలకే ఇస్తారు. మార్వారీ వాళ్లు ముందుగా రిజిస్ట్రేషన్ నియమాలు కనుక్కుని, ఆ తర్వాత మోసే గుర్రాల వేట మొదలుపెట్టండి. ఒక్కటి సరిపోదు, ఎద కలవాలంటే రెండు మూడు సిద్ధంగా ఉండాలి. పిండం కడిగే రోజు కూడా ఆ సిస్టుల కాగితం డాక్టరు చేతికివ్వండి, ఎందుకంటే కడిగిన నీరు పెద్ద తిత్తుల వెనక నిలిచిపోయి పిండం బయటికి రాకపోవచ్చు.